నీళ్లు దిగలేదని మనిషిని దించుతారా?

మోటారు ఆగిపోతే ముందు ఫ్యూజు చూస్తారు. ఫ్యూజు బాగుంటే స్టార్టరు చూస్తారు. స్టార్టరు బాగుంటే వైరు పట్టుకుని బావిదాకా పోతారు. ఎద్దు మేత మానేస్తే నోరు తెరిచి చూస్తారు, డొక్క తడిమి చూస్తారు. తప్పు ఎక్కడుందో తెలుసుకున్నాకే చెయ్యి పెడతారు. ఇది రైతుకీ, కూలికీ, మేస్త్రికీ తెలిసిన పద్ధతే. ఒక్క లెట్రిన్ దగ్గర మాత్రం ఈ పద్ధతి ఎవరికీ గుర్తు రాదు. బేసిన్‌లో నీళ్లు దిగకపోతే ఏ గొట్టం పూడింది, ఎందుకు పూడింది అని అడిగేవాడు లేడు. "ట్యాంకు నిండింది, వాణ్ణి పిలవండి" అంటారు. అంతే. పరీక్షా అయిపోయింది, వైద్యమూ అయిపోయింది.

ఆ "వాడు" ఎవరో వేరే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపయితే రెల్లోడు. హైదరాబాదయితే మెహతరో మాదిగో. ఇంకోచోట మాలోడో, యానాదోడో. పేరు పెట్టి పిలవరు. "ఒరేయ్ రా" అంటారు. వాడు వచ్చాక కూడా రోగం ఏంటో ఎవరూ చూడరు. మూత తీస్తారు, మనిషిని దించుతారు.

ఉద్యమ పత్రికలో గొట్టాల గొడవ ఏంటని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. తప్పుడు సలహా వింటే వేరేవాళ్లకి డబ్బు దండగ. మనకి మనిషి దండగ. అందుకే మేం ఈసారి గొట్టాల గురించే రాస్తున్నాం. మేం చెప్పేది ఒకటే మాట. లెట్రిన్ ఆగిపోయినప్పుడు చాలాసార్లు తప్పు ట్యాంకులో ఉండదు. ట్యాంకులోనే ఉన్నా దానికి మనిషి దిగాల్సిన పని లేదు. అయినా దించుతున్నారంటే, మనిషి చవగ్గా దొరుకుతున్నాడు కాబట్టి. మనిషి చవగ్గా దొరికినంత కాలం తప్పు వెతికే ఓపిక ఎవడికీ రాదు.

సలహాల వరస

లెట్రిన్ మొరాయించగానే ఊళ్లో ఎంతమంది ఇంజినీర్లు పుట్టుకొస్తారో చూడండి.

ఒకాయన యాసిడ్ పొయ్యమంటాడు. రెండు సీసాలు పోస్తారు. బేసిను తెల్లబడుతుంది, నీళ్లు మాత్రం దిగవు. ఎట్లా దిగుతాయి? గొట్టంలో ఇరుక్కున్నది గుడ్డపీలికో, షాంపూ పాకెట్టో, ఇటుక ముక్కో అయితే యాసిడ్ దాన్నేం చేస్తుంది? పైగా ఆ యాసిడ్ ట్యాంకులోకి పోతే మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చస్తాయి. అవి చస్తే మడ్డి కరగదు, ట్యాంకు ఇంకా తొందరగా పూడుతుంది. కుళ్లిన మురుగులో యాసిడ్ పడితే విషవాయువు ఎగదన్నుతుంది కూడా. ఇంటాయన సీసా ఖాళీ చేసి పోతాడు. మర్నాడు మూత తీసేవాడి మొహానికి ఆ గాలి కొడుతుంది.

ఇంకొకాయన వచ్చి యాసిడ్‌తో పోలేదు గనక బ్లీచింగ్ పౌడరు చల్లమంటాడు. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న గదిలో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. ఇది పొయ్యమన్నవాడికి తెలీదు, పోసే ఆడమనిషికీ తెలీదు.

మూడో ఆయన వాసనొస్తోందని, దోమలొస్తున్నాయని గాలిగొట్టం మూతి మూసెయ్యమంటాడు. దోమలకైతే సన్నజాలీ కట్టుకోవాలి. మూతి బిరడా పెట్టి మూస్తే లోపల పుట్టిన గాలి ఎటు పోతుంది? బేసిన్‌లోకి ఎదురు తంతుంది. గడగడమని బుడగలొస్తాయి, నీళ్లు మెల్లగా దిగుతాయి. అప్పుడు మళ్లీ "ట్యాంకు నిండింది" అంటారు.

నాలుగో ఆయన కొట్టులో దొరికే పొడి తెమ్మంటాడు. అది వేస్తే పదేళ్లదాకా ట్యాంకు జోలికి పోనక్కర్లేదంటాడు. ఏ పొడి వేసినా మడ్డి మొత్తం మాయం కాదు. ఎప్పుడో ఒకప్పుడు తియ్యాల్సిందే.

అసలు పెద్ద సలహా మేస్త్రిది. "గుంత ఎంత లోతుంటే అంత మంచిది, మీ తరం వెళ్లిపోతుంది" అంటాడు. ఆ మాట సంగతి కిందకి వస్తాం.

ట్యాంకు నిండటం అంటే ఏంటి?

సెప్టిక్ ట్యాంకు గాదె లాంటిది కాదు, చెరువు లాంటిది. గాదె నిండితే పని అయిపోయినట్టు. చెరువు నిండితే అలుగు పారుతుంది, అప్పుడే అది సరిగ్గా ఉన్నట్టు. ట్యాంకు కూడా అంతే. వాడటం మొదలుపెట్టిన కొన్నాళ్లకే అది నీళ్లతో నిండుతుంది. ఆ తరవాత ఎప్పుడూ నిండే ఉంటుంది. ఇంట్లోంచి బిందెడు నీళ్లు లోపలికి పోతే అవతలి గొట్టంలోంచి బిందెడు నీళ్లు ఇంకుడుగుంతలోకి పోతాయి. బరువైనది అడుక్కి దిగి మడ్డి అవుతుంది. తేలికైనది పైకి తేలి తెట్టు కడుతుంది. మధ్యలో ఉన్న నీళ్లే బయటికి పోతాయి.

మూత తీసి లోపల నీళ్లు చూసి "అమ్మో నిండింది" అనడం, అలుగు పారే చెరువుని చూసి "చెరువు పాడైంది" అనడం రెండూ ఒకటే. చూడాల్సింది నీళ్లున్నాయా లేదా అని కాదు, ఎంత ఎత్తున ఉన్నాయని. బయటికి పోయే గొట్టం అంచుదాకా ఉంటే ట్యాంకు బాగున్నట్టే. ఇంటి వైపు గొట్టం అవతలి గొట్టం కంటే రెండు మూడు అంగుళాలు పైన ఉంటుంది. నీళ్లు అవతలి గొట్టాన్ని ముంచేసి ఇంటి వైపు గొట్టందాకా వచ్చాయంటే బయటికి పోయే దారి మూసుకుపోయిందని. ఆ గొట్టం పూడి ఉండాలి, లేకపోతే ఇంకుడుగుంత ఇంకడం మానేసి ఉండాలి. నీళ్లు మామూలు ఎత్తులోనే ఉండి బేసిన్‌లో మాత్రం దిగడం లేదంటే తప్పు ఇంటికీ ట్యాంకుకీ మధ్య ఉంది. ఈ రెంటిలో దేనికీ ట్యాంకులోకి మనిషి దిగితే ఒరిగేదేమీ లేదు.

ట్యాంకు నిజంగా ఖాళీ చెయ్యాల్సింది మడ్డి పేరుకున్నప్పుడు. లోతులో మూడో వంతు మడ్డి అయితే తియ్యాలి. మామూలు ఇంటికి రెండు మూడేళ్లకోసారి తీయించుకోవాలని లెక్క. తెలుసుకోవడం కష్టం కాదు. పొడుగాటి గడకర్రకి పాత తెల్లగుడ్డ చుట్టి మెల్లగా అడుగుదాకా దించి, కాసేపు ఉంచి తీస్తే గుడ్డ మీద మడ్డి ఎంతవరకుందో నల్లగా కనిపిస్తుంది. ఆ కర్ర ఇంటాయన తన చేత్తోనే పట్టుకోవాలి. పక్కనే బీడీ, దీపం, అగ్గిపుల్ల ఉండకూడదు. మూత తీసి కాసేపు దూరంగా ఉండాలి. గాలి వచ్చే వైపు నిలబడాలి. మొహం లోపలికి వంచకూడదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. అయిపోగానే మూత వేసెయ్యాలి.

తప్పు పట్టుకునే దారి

ట్యాంకు మూతదాకా పోకముందే అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. ఇవి గోడకి అంటించుకున్నా నష్టం లేదు.

మొదటిది: ఇంట్లో ఒక్క బేసినే ఆగిందా, అన్నీ ఆగాయా? రెండు లెట్రిన్లుండి ఒకటి బాగుంటే ట్యాంకు బాగున్నట్టే. ఆగిన బేసిను కింద వంపు గొట్టంలోనే ఏదో ఇరుక్కుంది. రబ్బరు కప్పున్న కర్రతో నాలుగుసార్లు పొడిస్తే చాలావరకు వదులుతుంది.

రెండోది: చాంబరులో నీళ్లున్నాయా? చాలా ఇళ్లల్లో బేసినుకీ ట్యాంకుకీ మధ్య చిన్న చాంబరు కడతారు. కట్టిన మర్నాడే దాని మీద మట్టి కప్పేసి మర్చిపోతారు. వెతికి మూత తియ్యండి. బేసిను నిండి చాంబరు ఎండి ఉంటే తప్పు ఆ రెంటి మధ్య ఉంది. చాంబరు కూడా నిండి ఉంటే తప్పు చాంబరు అవతల ఉంది. ఒక్క చూపుతో సగం వెతుకులాట తప్పుతుంది. అక్కణ్ణించి వెదురుబద్దతోనో, ప్లంబర్ల దగ్గరుండే స్ప్రింగు తీగతోనో పైన నిలబడే పొడవొచ్చు. చాంబరే కట్టకపోతే? కట్టించుకోండి. నాలుగు ఇటుకలు మిగుల్చుకుని మనిషి ప్రాణంతో ఆడుకోవద్దు.

మూడోది: గొట్టం వాలు ఎంత? ట్యాంకుకి పోయే నాలుగంగుళాల గొట్టానికి పదడుగుల పొడవుకి మూడంగుళాల వాలుండాలి. మేస్త్రి కంటికొలతతో పడుకోబెట్టేస్తే నీళ్లు పోతాయి, మలం నిలిచిపోతుంది. ఇంకో తప్పు ఏంటంటే మూల తిరిగేచోట తిన్నగా ఎల్‌బో వేసెయ్యడం. అక్కడ సగం వంపువి రెండు బెండ్లు వెయ్యాలి. ప్రతి రెండు నెలలకీ అదేచోట పూడుతోందంటే అది వాడేవాళ్ల తప్పు కాదు, వేసినవాడి తప్పు. ఆ ముక్క తవ్వి సరిగ్గా వేయిస్తే పీడ వదులుతుంది. ఏడాదికి నాలుగుసార్లు మనిషిని పిలిచే ఖర్చు కంటే అది తక్కువే.

నాలుగోది: గాలిగొట్టం తెరిచి ఉందా? బేసిన్‌లో బుడగలొస్తున్నా, నీళ్లు పోసినప్పుడు గొట్టం గొంతు పూడినట్టు మోగుతున్నా ముందు అదే చూడాలి. పిట్ట గూడు పెట్టి ఉంటుంది, లేకపోతే ఎవడో మూసేసి ఉంటాడు.

అయిదోది: ఏ కాలంలో ఆగింది? ఎండాకాలం బాగా దిగి వానాకాలం ఆగిపోతే అది ట్యాంకు రోగం కాదు, నేల రోగం. పక్క పొలానికి నీళ్లు పెట్టినప్పుడు ఆగినా అంతే. నల్లరేగడిలో ఇంకుడుగుంత మామూలుగానే మెల్లగా ఇంకుతుంది. నేలలో నీళ్లు పైకొచ్చాక ఇంకడానికి చోటుండదు. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయిస్తే రెండ్రోజుల సుఖం. మూడో రోజు మళ్లీ అంతే. ఖాళీ చేయించిన వారంలోనే ట్యాంకు పొంగిందంటే కారణం ట్యాంకు బయట ఉందని అర్థం. అయినా ఏం చేస్తారు? "వాడు సరిగ్గా తియ్యలేదు" అని పనిచేసినోడి కూలి ఎగ్గొడతారు. నేల చేసిన తప్పుకి కూలోడికి శిక్ష.

ఇన్ని ప్రశ్నలు వేశాక కూడా మడ్డే కారణమని తేలితే మడ్డి లాగే బండిని పిలవాలి. పైనుంచి గొట్టం వేసి లాగుతుంది. మడ్డి గట్టిపడితే నీళ్లు కొట్టి పలచన చేసి లాగాలి. "మా సందులోకి బండి రాదు" అంటారు. పొడుగు గొట్టం వేస్తారు, చిన్న బండి తెస్తారు, అది దొరికేదాకా రెండ్రోజులు పక్కింటి లెట్రిన్ వాడుకుంటారు. ఏ కష్టమైనా పడొచ్చు. సందు ఇరుకని మనిషిని దించడం మాత్రం కుదరదు.

లోతు గుంత సలహా

ఇప్పుడు మేస్త్రి మాట. 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలుపెట్టి లెట్రిన్‌కి 12 వేలు ఇచ్చారు. ఊళ్లకి సర్కారు చెప్పిన నమూనా రెండు చిన్న గుంతలది. గోడలకి సందులు వదిలి ఇటుకలు పేర్చాలి, అడుగున సిమెంటు వెయ్యకూడదు. మొదట ఒక గుంతలోకే వదలాలి. అది నిండాక చాంబరులో దారి మార్చి రెండోదాంట్లోకి వదలాలి. నిండిన గుంతని ఏడాదిన్నర, రెండేళ్లు కదపకుండా ఉంచితే లోపలిది మట్టిలాంటి ఎరువవుతుంది. వాసనుండదు, పురుగుండదు. పార పట్టుకుని ఇంటివాళ్లే తీసి చేలో వేసుకోవచ్చు. పాకీపని అక్కర్లేని లెట్రిన్ అది.

మరి ఊళ్లల్లో జరిగిందేంటి? చాలాచోట్ల ఒకే గుంత తవ్వారు. సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దించుకుంటూ పోయారు. రెండు గుంతలు తవ్వినచోట కూడా రెంటినీ గొట్టంతో కలిపేశారు, రెండూ కలిసే నిండుతాయి. లోపల సిమెంటు పూత పూశారు, నీళ్లింకే దారి పోయింది. ఇప్పుడా గుంతలు నిండుతున్నాయి. దారి మార్చడానికి రెండో గుంత లేదు. నిండింది ఎరువయ్యేదాకా ఆగే వీల్లేదు. పచ్చి మలం తియ్యాలి. ఎవరు తియ్యాలి? మళ్లీ "వాణ్ణి పిలవండి." పాకీపని పోగొడతామని కట్టిన లెట్రిన్లే కొత్త పాకీపనిని పుట్టిస్తున్నాయి.

తప్పంతా మేస్త్రి నెత్తిన వేసి ఊరుకోలేం. పల్లెలో, గూడెంలో రెండు గుంతలు తవ్వడానికి జాగా ఏది? 2020లో ఆంధ్రలో ఇళ్లపట్టాలిచ్చినప్పుడు ఊళ్లల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు కొలిచారు. సెంటున్నర అంటే 72 గజాలు. అందులో ఇల్లు కట్టాలి, వాకిలుండాలి, గుంతలు రెండూ అందులోనే ఉండాలి. తాగునీటి బోరుకి గుంతకి పది మీటర్ల దూరం ఉండాలంటారు. పక్కింటి గోడే పదడుగుల్లో ఉంటే పది మీటర్లు ఎక్కణ్ణించి తెస్తాం? ఊళ్లో దొరగారికి దొడ్డి ఎకరం ఉంటుంది. అయినా ఆయన ఒకే గుంత తవ్విస్తాడు. తియ్యడానికి మనోళ్లున్నారని ధీమా. మనకి జాగా లేక ఒక గుంత. ఆయనకి మనం ఉండబట్టి ఒక గుంత. ఈ రెంటినీ ఒకే గాట కట్టొద్దు.

దీపం, సారా, తాడు

మనిషిని దించేముందు ఇచ్చే సలహాలు ఇంకా ఘోరమైనవి.

"దీపం దించి చూడు, ఆరకపోతే దిగొచ్చు" అంటారు. ట్యాంకులో మీథేన్ ఉంటే దీపానికి అంటుకుని పేలుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని చంపేంత ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. దీపం బతికింది గదా అని దిగినవాడు బతకడు.

"వాసన లేదు, భయం లేదు" అంటారు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసనేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. వాసన పోవడం ప్రమాదం పోవడం కాదు, ప్రమాదం ముదరడం. బాగా ఎక్కువుంటే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. అది గాలి కంటే బరువు, అడుగునే ఉంటుంది. మడ్డిని కదిపినప్పుడు లోపల దాగిన గాలి ఒక్కసారిగా పైకొస్తుంది. "ఇప్పటిదాకా బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి పడిపోయాడు" అంటారే, అది ఇందుకే.

"కొంచెం సారా పోయించండి, ధైర్యం వస్తుంది" అంటారు. సారా తాగితే విషం ఎక్కకుండా ఆగుతుందా? తెలివి తప్పుతోందని తెలుసుకునే తెలివి కూడా పోతుంది. చచ్చాక "తాగి ఉన్నాడు" అని రాసుకోవడానికి మాత్రం ఆ సారా పనికొస్తుంది.

ఒకడు పడిపోతే తీయడానికి రెండోవాడు దిగుతాడు. వాడి కోసం మూడోవాడు. 2017 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక కోళ్ల హేచరీ ట్యాంకులో ఇట్లాగే ఏడుగురు చనిపోయారు. 2015 నవంబరులో కేరళలోని కోళికోడులో మన ఆంధ్ర నుంచి పోయిన ఇద్దరు కూలీలు మ్యాన్‌హోలులో పడిపోతే, దారిన పోతున్న ఒక ఆటో డ్రైవరు కాపాడదామని దిగాడు. ముగ్గురూ పోయారు. ఆ ఆటో డ్రైవరు మనసుకి మేం చేతులెత్తి దండం పెడుతున్నాం. అయినా చెప్పాల్సింది చెప్పాలి. లోపల ఎవరన్నా పడిపోతే దిగొద్దు. 101కి ఫోన్ చెయ్యండి. గాలి సిలిండరు తగిలించుకున్న అగ్నిమాపకవాళ్లే దిగాలి. అన్నో తమ్ముడో పడి ఉంటే ఇది వినడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఒక ఇంట్లో రెండు శవాలు లేవకూడదని చెప్తున్నాం.

2019 నుంచి 2023 దాకా దేశంలో మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో 377 మంది చనిపోయారని సర్కారే పార్లమెంటులో చెప్పింది. అవి లెక్కకెక్కిన చావులు. 2024లో కేంద్రం వాళ్లే పట్టణాల్లో ఈ పనిచేసేవాళ్లని 38 వేల మందిదాకా నమోదు చేస్తే నూటికి 92 మంది ఎస్సీ, ఎస్టీ, బీసీలని తేలింది. ఎస్సీలే 69 మంది. లెట్రిన్ అన్ని కులాలకీ ఉంది. ట్యాంకు మాత్రం ఒక్క కులాలకే ఎందుకుంది?

చట్టం ఏమంటుంది?

1993 చట్టం పొడి లెట్రిన్ల పాకీపని గురించే మాట్లాడింది. సెప్టిక్ ట్యాంకు చావుల్ని పట్టించుకోలేదు. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకి పోయింది. కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దానికి ముందు నడిచాడు. పదకొండేళ్లు కొట్లాడితే 2014 మార్చి 27న తీర్పొచ్చింది. 1993 నుంచి మురుగు పనిలో చనిపోయిన ప్రతివాళ్ల కుటుంబానికి 10 లక్షలివ్వాలన్నారు. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలకి పెంచారు.

ఈ మధ్యలో 2013 చట్టం వచ్చింది. ఆ ఏడు డిసెంబరు 6న, బాబాసాహెబు వర్ధంతి రోజునే అమల్లోకొచ్చింది. ఏ మనిషీ, ఏ పంచాయతీ, ఏ కంట్రాక్టరూ నేరుగా గానీ చాటుగా గానీ ఎవర్నీ ట్యాంకు శుభ్రం చేసే ప్రమాదపు పనిలో పెట్టకూడదని ఏడో సెక్షను చెప్తుంది. మొదటిసారి తప్పు చేస్తే రెండేళ్లదాకా జైలు, లేదా రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే అయిదేళ్లు, అయిదు లక్షలు. బెయిలు హక్కుగా దొరకని నేరం. ఇంటాయన కూడా ఇందులోకొస్తాడు. "నేను మేస్త్రికి చెప్పాను, మేస్త్రి వాణ్ణి తెచ్చాడు" అంటే తప్పించుకోలేడు.

ఆ చట్టంలో ఒక కంత కూడా ఉంది. రక్షణ సామాన్లివ్వకుండా, జాగ్రత్తలు తీసుకోకుండా దించితేనే "ప్రమాదపు పని" అని రాసుకున్నారు. అంటే సామాన్లిచ్చి దించొచ్చన్న మాట. చేతికి ఒక రబ్బరు తొడుగిచ్చి "సామాన్లిచ్చాం" అనేవాళ్లున్నారు. ఈ కంత పూడ్చాలి. యంత్రాలు వచ్చిన ఈ రోజుల్లో ఏ సామానుతోనైనా మనిషిని మలంలోకి ఎందుకు దించాలి?

చావు జరిగాక స్టేషన్లో ఏం రాస్తారో చూసుకోండి. అనుమానాస్పద మృతి అనో, నిర్లక్ష్యం అనో రాసి ఊరుకుంటారు. 2013 చట్టం సెక్షన్లు పెట్టమని పట్టుబట్టాలి. ఎస్సీ, ఎస్టీలచేత పాకీపని చేయించడం 2015లో సవరించిన అట్రాసిటీ చట్టంలో నేరం. అది కూడా రాయించాలి. ఊరి పెద్దలొచ్చి రెండు లక్షలు చేతిలో పెట్టి రాజీ పత్రం మీద వేలిముద్ర వేయించుకుంటారు. 30 లక్షల హక్కున్న ఆడకూతురికి రెండు లక్షల దయ చూపిస్తారు. ఆ పత్రం మీద వేలు పడకముందే మన సంఘం ఆ ఇంటికి చేరాలి.

మనం చెయ్యాల్సింది

మన వాడల్లో కూడా ఇప్పుడు లెట్రిన్లున్నాయి. మన లెట్రిన్ ఆగితే మనం ఎవర్ని పిలుస్తున్నాం? మాల ఇంటాయన మాదిగాయన్ని పిలిచి, మాదిగాయన రెల్లాయన్ని పిలిస్తే పైవాడు మన నెత్తిన పెట్టిన నిచ్చెన మనమే మోస్తున్నట్టు. మన ఇంటి చాంబరు మూత మనమే తీద్దాం. మన గొట్టం మనమే పొడుద్దాం. మన గడకర్ర మనమే పడదాం.

ఈ పని చేసుకు బతికే అన్నలకి ఒక మాట. మీకు కూలి పోగొట్టాలని మేం రాయడం లేదు. పైన నిలబడి చేసే పని చాలా ఉంది. గొట్టాల వాలు తెలిసింది మీకు, చాంబరు ఎక్కడ కప్పెట్టారో తెలిసింది మీకు, మడ్డి చూసి ఎన్నేళ్లదో చెప్పగలిగింది మీరు. తప్పు కనిపెట్టే ఆ తెలివికి ప్లంబరుకిచ్చే కూలి అడగండి. దిగమంటే మాత్రం దిగొద్దు. ఎంతిస్తామన్నా దిగొద్దు.

సంఘాలవాళ్లు పంచాయతీలో, మునిసిపాలిటీలో అడగాల్సినవి ఇవి. మడ్డి లాగే బండి మండలానికి ఒకటి ఉండాలి. దాని యజమాని ఊరి పెద్ద కాకూడదు, ఇన్నాళ్లూ దిగిన కుటుంబాలే కావాలి. బండి దింపే మడ్డిని తెచ్చి మన వాడ పక్క కాలవలో పొయ్యకూడదు, శుద్ధి చేసే చోటు చూపించాలి. ఒకే గుంత ఉన్న లెట్రిన్లకి రెండో గుంత సర్కారు ఖర్చుతో తవ్వించాలి. జాగా లేని వాడలకి జాగా ఇవ్వాలి, ఇవ్వలేకపోతే వాడ మొత్తానికి మురుగు గొట్టం వెయ్యాలి. మేస్త్రిలకి రెండు గుంతల పని నేర్పించాకే బిల్లులివ్వాలి.

ఈసారి మీ వీధిలో ఎవరన్నా "ట్యాంకు నిండింది, వాణ్ణి పిలవండి" అంటే వెంటనే ఎదురు ప్రశ్న వెయ్యండి: "చాంబరు చూశారా? గాలిగొట్టం చూశారా? నీళ్లు ఏ గొట్టందాకా ఉన్నాయి?" చూడలేదంటే ముందు చూడమనండి. చూశాక బండిని పిలవమనండి. అప్పటికీ మనిషినే దించుతామంటే పోలీసుల్ని మనం పిలుద్దాం.

జై భీమ్.